కరెంటు పెట్టిన ఆ 20 నిమిషాలు: సోషల్ యాంగ్జైటీ ఉన్న ఒక కుర్రాడి కేసు

టోకెన్ రాసే అమ్మాయి "పేరు చెప్పండి" అంటే ఆ కుర్రాడు ఫోన్ తీసి, పేరు టైప్ చేసి, స్క్రీన్ ఆమె వైపు తిప్పాడు. వయసు అడిగితే మళ్లీ టైప్ చేశాడు. ముఖానికి మాస్కు, కుడి చేతిలో నలిగి ముద్దయిన చేతిరుమాలు. వెనకాల నిలబడిన తండ్రి తల దించుకున్నాడు. నా గది తలుపు అద్దంలోంచి ఇదంతా కనిపిస్తూనే ఉంది. మాట రాని పిల్లవాడేమో అనుకున్నాను. లోపలికొచ్చి, తలుపు వేసి, పది నిమిషాలు గడిచాక మాట్లాడాడు. చక్కగా, తెలివిగా మాట్లాడాడు.

అతన్ని ఇక్కడ కిరణ్ అంటాను. అసలు పేరు అది కాదు. కుటుంబం వివరాలు కూడా కొన్ని మార్చాను. మిగతాది రాయడానికి అతనే ఒప్పుకున్నాడు, రాశాక చదివాడు. "తలకి కరెంటు పెడితే భయం పోతుందంట కదా" అని అడుగుతూ వచ్చే తల్లిదండ్రులు తిరుపతిలో ఈమధ్య ఎక్కువయ్యారు. వాళ్ల కోసం, టీడీసీఎస్ (తల మీద ప్యాడ్లు పెట్టి కొద్దిపాటి కరెంటు పంపే చికిత్స) కొత్తగా మొదలుపెడుతున్న నాలాంటి డాక్టర్ల కోసం ఈ కేసు మొత్తం రాస్తున్నాను. ఇందులో నేను చేసిన ఒక పొరపాటు ఉంది. నేర్చుకున్నదంతా దాని దగ్గరే.

వచ్చినప్పటి పరిస్థితి

వయసు 19. బీటెక్ రెండో ఏడాది. పుత్తూరు దగ్గర పల్లె. ఇంట్లో రెండు మరమగ్గాలు. పొద్దున్నుంచి రాత్రి దాకా మగ్గం చప్పుడు, అందులో మాటలు తక్కువ, సైగలు ఎక్కువ. చిన్నప్పుడు సిగ్గరే గానీ ఊళ్లో పిల్లలందరితో తిరిగాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియం.

ఇంటర్‌కి దూరంగా ఒక రెసిడెన్షియల్ కాలేజీలో వేశారు. మొదటి నెలలోనే ఫిజిక్స్ క్లాసులో లేచి జవాబు చెప్తూ "ఆ రెండిట్లో తేడా ఉండాది సార్" అన్నాడు. జవాబు సరైనదే. లెక్చరర్ మాత్రం "ఉండాది" అన్న మాటని సాగదీసి రెండుసార్లు పలికి, క్లాసు మొత్తం చేత పలికించాడు. ఏడాది పొడుగునా హాస్టల్లో అతని పేరు అదే అయింది. మన చిత్తూరు సీమ మాట, వాళ్లమ్మ నోట పుట్టిన మాట. ఆ రోజు నుంచి క్లాసులో నోరు తెరిచే ముందు ప్రతి వాక్యాన్నీ మనసులో మూడుసార్లు దిద్దుకోవడం మొదలుపెట్టాడు. దిద్దడం అయ్యేసరికి ప్రశ్న ఇంకొకరి దగ్గరికి వెళ్లిపోయేది.

నా దగ్గరికి వచ్చే నాటికి సెమినార్లన్నీ ఎగ్గొట్టాడు, ఇంటర్నల్ మార్కులు పోయాయి. వైవా రోజు పొద్దున వాంతులు. నలుగురి ముందు తినలేడు కాబట్టి మెస్ ఖాళీ అయ్యాక మూడు గంటలకి వెళ్లేవాడు, అప్పటికి అన్నం అయిపోతే బిస్కెట్లే. ఆరు కిలోలు తగ్గాడు.

తండ్రి ఉన్నప్పుడు, లేనప్పుడు కిరణ్‌తో వేరువేరుగా మాట్లాడాను. తండ్రి అన్న మాట నాకింకా చెవిలో ఉంది: "ఎముక విరిగితే మా పుత్తూరులో కట్టు కడతారు డాక్టరమ్మా, అతుక్కుంటాది. ఈ పిలకాయకి యాడ విరిగిందో తెలీడం లేదు."

సిగ్గు వేరు, ఈ జబ్బు వేరు. సిగ్గరి పిల్లవాడు మొదట బెదిరినా కాసేపటికి కలిసిపోతాడు, చదువూ తిండీ ఆగవు. నలుగురు తనని చూసి ఏమనుకుంటారోనన్న భయం ఆరు నెలలకి పైగా ఉండి, బతుకు దారినే మార్చేస్తుంటే దాన్ని సోషల్ యాంగ్జైటీ డిజార్డర్ అంటాం. చాలామందిలో ఇది హైస్కూలు, ఇంటర్ వయసులోనే మొదలవుతుంది, పెద్దవాళ్లు "వాడి స్వభావమే అంత" అనుకునేలోపు ముదిరిపోతుంది. తీవ్రత కొలవడానికి లైబోవిట్జ్ స్కేల్ వాడాను. అందులో 24 సందర్భాలుంటాయి: ఫోన్లో మాట్లాడటం, నలుగురిలో తినడం, ఎవరైనా చూస్తుండగా రాయడం లాంటివి. ఒక్కోదానికి భయం ఎంత, తప్పించుకోవడం ఎంత అని 0 నుంచి 3 దాకా వేస్తాం. మొత్తం 144. కిరణ్‌కి 94 వచ్చింది.

థైరాయిడ్ పరీక్ష మామూలుగానే ఉంది. ఫిట్స్ లేవు, తలకి దెబ్బ లేదు, ఇంట్లో ఎవరికీ బైపోలార్ (మనసు ఒకసారి మరీ ఉరకలెత్తి, ఒకసారి మరీ కుంగిపోయే జబ్బు) లేదు. చచ్చిపోవాలనిపించిందా అని సూటిగా అడిగాను. ఇలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని కొందరు భయపడతారు, అది నిజం కాదు. మొదటి ఏడాది వైవా ముందు రోజు రాత్రి ఒకసారి అనిపించిందన్నాడు, తర్వాత ఎప్పుడూ లేదన్నాడు. అలాంటి రాత్రి మళ్లీ వస్తే ఎవరికి ఫోన్ చేయాలో ఇద్దరం కూర్చుని కాగితం మీద రాశాం. మొదట వాళ్లక్క నంబరు, తర్వాత ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416. ఫోన్లో మాట్లాడాలంటేనే భయపడే పిల్లవాడు కాబట్టి అక్కకి పంపాల్సిన ఒక్క ముక్క మెసేజ్ కూడా ముందే అనుకుని పెట్టుకున్నాం.

కరెంటు దాకా ఎందుకు వెళ్లాను

మా దగ్గరికి వచ్చేసరికే వేరే చోట రాసిచ్చిన ఎస్సిటాలోప్రామ్ అనే ఆందోళన తగ్గించే మందు 10 మిల్లీగ్రాములు నాలుగు నెలలుగా వాడుతున్నాడు. గుండె దడ కొంత తగ్గింది, క్లాసులో లేచి నిలబడటం మాత్రం రాలేదు. కౌన్సెలింగ్ పేరుతో అప్పటిదాకా విన్నది "ధైర్యంగా ఉండు" అన్న మాటే.

ఈ జబ్బుకి ముందు చేయాల్సింది సీబీటీ, అంటే భయాన్ని పెంచే ఆలోచనల్నీ అలవాట్లనీ మాటలతో, సాధనతో మార్చే చికిత్స. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో దీన్నే మొదట పెట్టారు, మందులు తర్వాత. కాబట్టి నేనూ అక్కడే మొదలుపెట్టాను. మా క్లినిక్ సైకాలజిస్టు ఆరు వారాలు కూర్చున్నాడు. కిరణ్‌కి విషయం అంతా అర్థమైంది. మాస్కు, చేతిరుమాలు, వాక్యాలు దిద్దుకోవడం తనని కాపాడటం లేదనీ, భయాన్ని మేపుతున్నాయనీ తనే బొమ్మ గీసి చూపించాడు. కానీ సాధన కోసం ఇచ్చిన ఇంటిపని (హోంవర్క్) ఒక్కటీ చేయలేదు. "టీ బంకు దగ్గర ధర అడిగి రా" అంటే గేటు దాకా వెళ్లి తిరిగొచ్చేవాడు. ఆరు వారాలూ అదే గేటు.

అప్పుడు టీడీసీఎస్ మాట ఎత్తాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సోషల్ యాంగ్జైటీలో దీని మీద జరిగినవి చిన్న అధ్యయనాలు, ఫలితాలు ఒకేలా లేవు. దీనికంటే పెద్ద యంత్రంతో, అయస్కాంత శక్తితో మెదడుని ప్రేరేపించే ఆర్‌టీఎంఎస్‌కి అమెరికా ఎఫ్‌డీఏ 2008లో డిప్రెషన్‌కీ, 2018లో ఓసీడీకీ (వద్దన్నా వచ్చే ఆలోచనలతో చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు), 2024లో 15 ఏళ్లు నిండిన పిల్లల డిప్రెషన్‌కీ అనుమతులిచ్చింది. సోషల్ యాంగ్జైటీకి అలాంటి అనుమతి లేదు. అందుకే ఇది మొదటి చికిత్సగా ఇవ్వను. సీబీటీ, మందూ సరిగా వాడాక కూడా కదలని చోట మాత్రమే, రెండిటికీ తోడుగా ఇస్తాను. 18 ఏళ్లు నిండని పిల్లలకైతే మా క్లినిక్‌లో ఇవ్వను. పిల్లల పుర్రె పలుచగా ఉంటుంది, అదే కరెంటు లోపలికి ఎక్కువ చేరవచ్చు.

తండ్రికి భయం పట్టుకుంది. "షాకిస్తారా అమ్మా? మా వూర్లో ఒకాయనకి ఇచ్చినారు." ఆయన అంటున్నది ఈసీటీ. అది మత్తు ఇచ్చి, దాదాపు 800 మిల్లీ ఆంపియర్ల కరెంటుతో ఫిట్స్ తెప్పించే చికిత్స. సరైన రోగికి ప్రాణం నిలబెడుతుంది, దాని గురించి కూడా జనంలో లేనిపోని భయాలున్నాయి. టీడీసీఎస్‌లో ఇచ్చేది 2 మిల్లీ ఆంపియర్లు. మెలకువగా కూర్చుని మాట్లాడుతూనే ఉంటారు. ఎంత చెప్పినా ఆయన ముఖం విచ్చుకోలేదు. రెండు స్పాంజి ప్యాడ్లు ఆయన ముంజేతికే కట్టి స్విచ్ వేశాను. అర నిమిషం చేతి వంకే చూసి, "చీమలు పాకినట్టుంది, అంతే" అన్నాడు కొడుకుతో. కిరణ్ మేజర్ కాబట్టి సంతకం అతనిదే. కానీ ఆ మాట విన్నాకే పెట్టాడు.

మొదటి పది సెషన్లు

మొదటి రోజు కరెంటు సరిగా వెళ్లలేదు. కాంటాక్టు బాలేదని యంత్రం చూపిస్తూనే ఉంది. తల ముట్టుకుంటే కారణం తెలిసింది: కొబ్బరి నూనె. వాళ్లమ్మ పొద్దునే పట్టించి పంపింది. నూనె కరెంటుని అడ్డుకుంటుంది. తలస్నానం చేసి, నూనె లేకుండా రమ్మని మర్నాటికి వాయిదా వేశాం. ఇప్పుడు అపాయింట్‌మెంట్ చీటీ మీదే ఆ మాట రాసిస్తున్నాం.

ప్యాడ్లు 5 సెంటీమీటర్ల వెడల్పు, 7 సెంటీమీటర్ల పొడవు. సెలైన్‌లో తడిపి పిండాలి. నీళ్లు కారుతుంటే కరెంటు పక్కకి పాకిపోతుంది, ఆరిపోతే ఒకేచోట గుచ్చుకుని చర్మం కాలుతుంది. తల టేపుతో కొలిచి, ఎడమ నుదుటి భాగం పైన ఎఫ్3 అనే చోట ఆనోడ్ (ప్లస్ ప్యాడ్), కుడి కనుబొమ పైన క్యాథోడ్ (మైనస్ ప్యాడ్) పెట్టి రబ్బరు పట్టీతో బిగించాం. అరనిమిషంలో మెల్లగా 2 మిల్లీ ఆంపియర్లకి పెంచి, 20 నిమిషాలు ఉంచి, మళ్లీ మెల్లగా దించాం. ఆ ఎడమ భాగం భయాన్ని పుట్టించేది కాదు. పుట్టిన భయానికి పగ్గం వేయడంలో, మనసుని ఒక పని మీద నిలపడంలో దానికి పాత్ర ఉంది. అందుకే అక్కడ.

సోమవారం నుంచి శుక్రవారం, రెండు వారాలు. దురద, కాస్త మంట, రెండు రోజులు తలనొప్పి. నుదుటి మీద ఎరుపు గంటలో పోయింది. మందు డోస్ మార్చలేదు. ఒకేసారి రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

పదో సెషన్ తర్వాత స్కేల్ మళ్లీ వేశాం. 88. నిద్ర కొంచెం మెరుగు, అంతకు మించి ఏమీ లేదు. "ఏం మారింది?" అంటే కిరణ్ చాలాసేపు ఆలోచించి, నన్ను నొప్పించకుండా ఉండటానికి "బాగానే ఉంది మేడమ్" అన్నాడు.

గుండు, గంధం, విరామం

పదకొండో సెషన్‌కి గుండుతో వచ్చాడు. ఆదివారం వాళ్లమ్మ అలిపిరి మెట్ల దారిన కొండెక్కించి తలనీలాలు ఇప్పించింది. మొక్కు. గుండంతా గంధం. మా టెక్నీషియన్ "ఇప్పుడు ప్యాడ్ బాగా అంటుకుంటుంది మేడమ్" అన్నాడు. నిజమే, జుట్టు లేకపోతే కాంటాక్టు బాగుంటుంది. కానీ గంధం కడిగి లైటు కింద చూస్తే ఎడమ వైపు, సరిగ్గా మనం ప్యాడ్ పెట్టే చోట, రెండు సన్నటి కత్తి గాట్లు. చర్మం తెగిన చోట కరెంటు అంతా ఆ గాటు మీదే పోగవుతుంది, కాలిపోయే ప్రమాదం ఉంది. గాట్లు మానేదాకా ఆపేశాను. తిరుపతిలో ఈ పని చేసే ప్రతి క్లినిక్‌కీ ఇది ఎదురవుతుంది. మొక్కు ఉంటే చికిత్సకి ముందే తీర్చుకుని, వారం ఆగి రమ్మని చెప్పడం మంచిది.

ఆ వారం విరామంలోనే నా పొరపాటు నాకు తెలిసింది. సెషన్ నోట్సు తిరగేస్తుంటే పది రోజులూ ఒకే వాక్యం: "సౌకర్యంగా కూర్చున్నాడు, ఫోన్ చూసుకున్నాడు."

టీడీసీఎస్ మెదడు కణాల చేత బలవంతంగా పని చేయించదు. వాటిని పనికి కాస్త సిద్ధం చేస్తుంది, అంతే. ఆ సమయంలో మెదడు ఏ పనిలో ఉంటే ఆ దారి గట్టిపడే అవకాశం ఉంది. మన రైతుల మాటలో చెప్పాలంటే అది పదును. వాన పడ్డాక నేలలో పదును ఉన్నప్పుడే విత్తనం వేయాలి. నేను పది రోజులు పదును చేసి, విత్తనం వేయకుండా ఊరుకున్నాను. కిరణ్ ఆ 20 నిమిషాల్లో సాధన చేసింది ఏమిటి? ఎవరితోనూ మాట్లాడకుండా ఫోన్ చూసుకోవడం. ఆ పనిలో అతను ముందే ఆరితేరాడు.

ఇంకో లెక్క కూడా ఉంది. జర్మనీలో నిట్షే, పౌలుస్ అనే పరిశోధకులు 2001లో చేసిన ప్రయోగాల్లో 1 మిల్లీ ఆంపియర్ కరెంటు 13 నిమిషాలు ఇస్తే, చేతి కదలికల్ని నడిపే మెదడు భాగంలో దాని ప్రభావం గంటన్నర దాకా నిలిచింది. అది వేరే భాగం, వేరే డోస్, అయినా ఒక సంగతి చెప్తోంది: ప్యాడ్లు తీసేసిన వెంటనే ఉన్న గంట కూడా విలువైనదే. ఆ గంటని నేను ఆటోలో ఇంటికి పంపేశాను.

రెండో పది

మానిన తలతో మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి మొదటి ఐదు నిమిషాలు ఊరికే, తర్వాత పదిహేను నిమిషాలు సాధన. ముందు నాకొక్కదానికే పేపర్ చదివి వినిపించడం, తర్వాత నర్సు, టెక్నీషియన్, సైకాలజిస్టు ముగ్గురి ముందు మాట్లాడటం. మాస్కు లేదు, చేతిరుమాలు లేదు. ఒకే షరతు పెట్టాను: వాక్యం దిద్దుకోకూడదు, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాలి.

మూడో రోజు ఏం మాట్లాడాలో తెలియక కూర్చుంటే, మా నర్సు "మీ మగ్గం ఎట్లా నడుస్తాదో చెప్పు నాయనా" అంది. పడుగు గురించి మొదలుపెట్టాడు. పేక దారం తెగితే మగ్గం దానంతటదే ఎలా ఆగుతుందో చెప్పడానికి చేతులు రెండూ గాల్లోకి లేచాయి. తల మీద పట్టీ, వైర్లు ఉన్నాయన్న సంగతి మరిచి ముందుకు వంగాడు. టెక్నీషియన్ వైరు పట్టుకుని నిలబడాల్సొచ్చింది. "దారం తెగింది యాడో చూసుకోవాల, ముడేసుకోవాల, మళ్లా నడిపించుకోవాల" అన్నాడు. పదకొండు నిమిషాలు మాట్లాడాడు. మధ్యలో మూడుసార్లు "ఉండాది" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నేను లెక్క పెడుతున్నానని అతనికి తెలియదు.

దాన్ని అతని ఫోన్‌లోనే వీడియో తీశాం. చూడక ముందు కాగితం మీద రాయించాం. చెయ్యి ఎంత వణికింది? 100కి 90. ముఖం ఎంత ఎర్రబడింది? 80. ఎన్నిసార్లు తడబడ్డావు? "లెక్కలేదు." తర్వాత, తెరమీద ఉన్నది ముక్కూమొహం తెలియని మనిషి అనుకుని చూడమన్నాం. ఫోన్ దగ్గరికి తెచ్చుకుని, ఒకచోట ఆపి, వెనక్కి జరిపి మళ్లీ చూశాడు. తడబడింది నాలుగుసార్లు. చేతి వణుకు కోసం వెతికాడు. "వేలు కదలతా ఉంది మేడమ్. కానీ అదే పనిగా చూస్తేనే కనపడతాది." కాగితం మీద 90 కొట్టేసి 15 వేశాడు.

చివరి ఐదు రోజులు ప్యాడ్లు తీయగానే సైకాలజిస్టు అతన్ని ఆర్టీసీ బస్టాండుకి తీసుకెళ్లాడు. ఈ సాధనకి తిరుపతి లాంటి ఊరు ఇంకోటి ఉండదేమో. రోజూ వేలమంది కొత్తవాళ్లు, ఎవరు ఎవరిని దారి అడిగినా వింతగా చూడరు, మళ్లీ కనపడరు. బస్టాండు ఎదురుగానే యాత్రికుల వసతి భవనం శ్రీనివాసం ఉంది. దాని వైపు తిరిగి నిలబడి "శ్రీనివాసం యాడుంది?" అని ఐదుగురిని అడగాలి. తెలివితక్కువవాడు అనుకుంటారన్న భయాన్ని కావాలని ఎదుర్కోవడం అది. మొదటి రోజు ఇద్దరినే అడిగి చెమటలు పట్టి కూర్చుండిపోయాడు. రెండో రోజు నలుగురు. మూడో రోజు మేం అనుకోనిది జరిగింది. ఒక తమిళ కుటుంబం వచ్చి కొండకి బస్సు ఎక్కడని ఇతన్నే అడిగింది. పుత్తూరు పిల్లవాడు కదా, తమిళం వచ్చు. బస్సు చూపించి, ముసలావిడ సంచీ అందుకుని ఎక్కించి వచ్చాడు. ఆ రోజు నోట్సులో భయం స్కోరు రాయడమే మరిచిపోయారు ఇద్దరూ.

20 సెషన్లు అయ్యేసరికి స్కేల్ 63.

ఎంత తగ్గింది, దేనివల్ల

నెల తర్వాత కాలేజీలో సెమినార్. పది నిమిషాలకి ఏడు నిమిషాలు మాట్లాడి కూర్చున్నాడు. తర్వాతి సెమినార్ రోజు హాస్టల్ గదిలోంచి బయటికి రాలేదు. ఆ సాయంత్రం మెసేజ్ పెట్టాడు, మర్నాడు పిలిపించాం. కరెంటు మళ్లీ పెట్టమని అడిగాడు. పెట్టలేదు. ముందు రాత్రి రెండింటి దాకా కూర్చుని ప్రతి వాక్యాన్నీ బట్టీ పట్టాడని తేలింది, అంటే పాత దిద్దుబాటు మళ్లీ వచ్చింది. బట్టీ మాన్పించి, నాలుగు పాయింట్లు మాత్రం చేతిలో పెట్టుకుని మూడో సెమినార్‌కి పంపాం. పూర్తి చేశాడు. మూడు నెలలకి స్కేల్ 51, ఆరు నెలలకి 46. మెస్‌లో మిగతావాళ్ల వేళకే తింటున్నాడు. పోయిన కిలోల్లో నాలుగు తిరిగొచ్చాయి.

ఇది టీడీసీఎస్ గొప్పతనమని నేను చెప్పను. ఒక్క మనిషిలో కరెంటు ఎంత, సాధన ఎంత, మందు ఎంత అని విడదీయలేం. పరిశోధనల్లో సగం మందికి ఉత్తుత్తి కరెంటు ఇస్తారు. అర నిమిషం చురుక్కుమనిపించి ఆపేస్తారు, రోగికి తేడా తెలియదు. కిరణ్ విషయంలో అలాంటి పోలిక లేదు. రోజూ క్లినిక్‌కి రావడం, ముగ్గురు మనుషులు తన మాట శ్రద్ధగా వినడం, ఇవి కూడా చికిత్సే. నాకు కళ్లకి కనపడింది ఇంతవరకు: అదే యంత్రం, అదే డోస్, సాధన లేని పది రోజుల్లో 6 పాయింట్లు తగ్గాయి, సాధన కలిపిన పది రోజుల్లో 25 తగ్గాయి. ఆరు వారాలు గేటు దాటని పిల్లవాడు గేటు దాటాడు. దాటడానికి కరెంటు తోడ్పడి ఉండొచ్చు. దాటి నడిచింది మాత్రం అతనే, ఆ మాట అతనితో చెప్పడం కూడా చికిత్సలో భాగమే అనుకుంటాను. భయం తగ్గిన ఘనత యంత్రానికి ఇచ్చేస్తే, తర్వాతి భయానికి మళ్లీ యంత్రం కోసం వెతుకుతారు.

భద్రత గురించి తల్లిదండ్రులు తప్పక అడుగుతారు. మామూలు డోసుల్లో, 1,000 మందికి పైగా మనుషులకి ఇచ్చిన 33,200కి పైగా సెషన్లని 2016లో సమీక్షిస్తే తీవ్రమైన హాని ఒక్కటీ కనపడలేదు. అయితే ఆ సెషన్లు కొలిచి, చూసి, శిక్షణ ఉన్నవాళ్లు ఇచ్చినవి. ఆన్‌లైన్లో కొని ఇంట్లో పెట్టుకుంటామని అడిగేవాళ్లకి గట్టిగా వద్దంటున్నాను. తలలో లోహపు ముక్కలు, పేస్‌మేకర్, ఫిట్స్ ఉన్నవాళ్లు, నెత్తి మీద పుండ్లు, గాట్లు ఉన్నవాళ్లు డాక్టరు చూడకుండా ముట్టుకోకూడదు. కొందరిలో మనసు మరీ ఉరకలెత్తి నిద్ర తగ్గిపోవచ్చు, అది బైపోలార్ ఆరంభం కావచ్చు. ఇంట్లో దాన్ని కనిపెట్టేవాళ్లు ఎవరుంటారు?

ఇప్పుడు కిరణ్ నెలకోసారి వస్తున్నాడు. ఎస్సిటాలోప్రామ్ అదే 10 మిల్లీగ్రాములు నడుస్తోంది. మెరుగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించాలి కాబట్టి సెమిస్టర్ పరీక్షలు అయ్యాకే తగ్గించడం మొదలుపెడతాం. ఫోన్లో తెలియనివాళ్లతో మాట్లాడటం ఇంకా కష్టంగానే ఉంది, స్కేల్‌లో ఆ వరుసకి ఇప్పటికీ 3 వేస్తున్నాడు. పోయిన వారం నుంచి ఇంటిపని అదే. నూలు సప్లై చేసే షాపుకి వారానికోసారి నాన్న బదులు తనే ఫోన్ చేసి ధర కనుక్కోవాలి. మొదటి ఫోన్‌లో రెండు కౌంట్ల (నూలు సన్నదనాన్ని చెప్పే రకాలు) ధర కనుక్కున్నాడు, మూడోది అడగకుండానే పెట్టేశాడు.